ఆలస్యంగా అందిన నవ్వు

నమోదు 4

పొద్దున కుళాయి రాలేదు. నీళ్ళ క్యాను మూడో అంతస్తుకు మోసుకొచ్చి, ఆయాసం తీరకముందే సీట్ల పరీక్షకు, అంటే ఆటగాళ్ళ లింకులన్నీ అందుతున్నాయో లేదో చూడ్డానికి, కూర్చున్నాను. లీగ్ నెల్లూరు ఆఫీసులో ఉన్నది నేనొక్కదాన్నే. క్యాను మోసేదీ నేనే, తీర్పు చెప్పేదీ నేనే.

తెర మీద ఆడే 'గండి' పోటీలు మొదలై రెండు వారాలైంది. అవతలి జట్టు గట్టుకు గండి కొట్టాలి, మన గట్టు కాచుకోవాలి, అదను చూసి తూము ఎత్తి నీళ్ళు వాళ్ళ మీదికి వదలాలి. పసిపిల్లలకు కూడా తెలిసిన ఆట. మా కమిటీ పెద్దలకు మాత్రం ఏటా ఒకసారి ఫోన్లో చెప్పాలి.

ఈరోజు ఫిర్యాదు ఒకటే. కోడూరు జట్టు నాయకుడు ఓబులేసుది. ఆ జట్టులో అందరూ మామిడి తోటల్లో పనిచేసేవాళ్ళు, పని దిగాక ఆడతారు.

"మేం వేలు నొక్కినాక మూడు సెకన్లకు గానీ బొమ్మ కదలడంలే మోడరేటర్ గారూ. మా సీట్లు బాగానే ఉండాయి గదా, మాకెందుకీ ఆలస్యం?"

"అందరికంటే దూరాన ఉన్న సీటుకు ఎంత ఆలస్యమో, అందరి సీట్లకూ అంత కలుపుతాం. మాటకు కలపం, ఆటకే. సంతకం పెట్టేముందు చదివే ఉంటావు."

"చదివినాంలే. అంత దూరంలో ఉండేదెవరు?"

"రొయ్యల షెడ్డు జట్టులో ఐదో ఆమె. మస్తానమ్మ. చంద్రుణ్ణి దాటింది."

"సర్లే, కాచుకుంటాం అయితే" అని పెట్టేశాడు. మంచివాడు. మంచివాళ్ళ ఫిర్యాదులంటేనే నాకు భయం.

నమోదు 7

మోడరేటర్‌తో వరస కలపకూడదని ఈ లీగ్‌లో నియమం. అక్కా, అన్నా, పిన్నీ, బాబాయ్, ఏదీ పనికిరాదు. బయటివాళ్ళు విని నవ్వుతారు. నేను నవ్వను. మనవాళ్ళు ఒకసారి అక్కా అన్నారంటే వెనకే ఒక కోరిక వస్తుంది. అక్క అనిపించుకున్నాక కాదనడానికి నోరు రాదు. అందుకే మొదటిసారికి హెచ్చరిక, రెండోసారికి పాయింట్ల కోత.

ఇవాళ సీట్ల పరీక్షలో ఓడ సీటు వంతు వచ్చింది.

"అక్కా, నా గొంతు వినబడతా ఉందా?"

"హెచ్చరిక" అన్నాను.

ఆ మాట అక్కడికి పోయి జవాబు తిరిగొచ్చేదాకా ఆగాను. "నోరలవాటు మోడరేటర్ గారూ. రాసుకోండి. వారం నించి మనిషి గొంతు వినలా, మీ గొంతు వినంగానే తెలీకుండా వచ్చేసింది."

మొన్నటిదాకా రొయ్యల షెడ్డులో పనిచేసిన ఆమె ఇప్పుడున్నది అంతరిక్షంలో, ఎండ తోస్తే కదిలే తెరచాప ఓడలో. ఎక్కడో రాళ్ళు తవ్వి తేవడానికి ఆ ఓడ పోతోంది. ముగ్గురు పనివాళ్ళు. ఇద్దరిని పెట్టెల్లో నిద్రపుచ్చి, ఒక్కరే మేలుకుని కాపలా ఉంటారు. మస్తానమ్మ వంతు ఈ ఎండాకాలమంతా. తర్వాతి మనిషి లేచేదాకా ఆమెకు పలకరించే దిక్కు లేదు. కంపెనీ ఇంటికి ఉత్తరాలు రాయనిస్తుంది, మాట్లాడనివ్వదు. ప్రచారానికి పనికొస్తుందని మా లీగ్‌కి మాత్రం ఒక లింకు ఇచ్చింది. వారానికోసారి ఆట ఆడే ఆ కాసేపే ఆమె మనుషుల గొంతు వినేది. ఆ సీటు పోతే అదీ ఉండదు.

ఇదంతా తెలిసే హెచ్చరిక రాశాను. రాయకపోతే నేను ఈ కుర్చీలో ఎందుకు?

నమోదు 13

ఆలస్యం వారం వారం పెరుగుతోంది. ఓడ పోతోంది కాబట్టి పెరగక మానదు. మూడు సెకన్లు ఐదయ్యాయి, ఐదు ఏడయ్యాయి. ఫిర్యాదులతో నా తల ప్రాణం తోకకొచ్చింది. నిజం చెప్పాలంటే వాళ్ళదీ తప్పు కాదు. ఏడు సెకన్ల ఆలస్యంతో ఆడటం అంటే గోడ అవతలి మనిషికి అన్నం తినిపించడమే.

కమిటీ కూర్చుని హద్దు పెట్టింది. ఎనిమిది సెకన్లు. ఎవరి సీటు ఆ హద్దు దాటితే వాళ్ళను జట్టు నుంచి తీసెయ్యాలి. ఆ లెక్కన మస్తానమ్మకు ఇంకో వారం కూడా లేదు.

షెడ్డు జట్టు నాయకురాలు పెంచలమ్మకు ఫోన్లో చెప్పాను. షెడ్డులో రొయ్యలు ఒలిచే బల్ల దగ్గర నిలబడే మాట్లాడినట్టుంది, వెనక నీళ్ళ చప్పుడు.

"మీ నియమం మీది" అంది పెంచలమ్మ. "దానికి నేనే చెప్తాలే. మీరు చెప్పబాకండి."

నమోదు 15

మంచి వార్త. భూమి మీది సీట్ల ఆలస్యం మేమే కొలుస్తాం గానీ, కంపెనీ తన లింకు మీద మమ్మల్ని చెయ్యి వెయ్యనివ్వదు కాబట్టి ఓడ సీటుది ఓడ నుంచే చెప్పాలి. ఈ వారం చెప్పిన అంకె ఎనిమిదికి కాస్త తక్కువ. కింద ఒక ముక్క రాసి ఉంది: 'తెరచాప మడిచి ఉండాది. మరమ్మతు. ఇప్పట్లో దూరం పెరగదు. మస్తానమ్మ.'

నాకు ఎంత సంతోషమైందంటే, కిందికి దిగి కారం దోసె రెండు తిన్నాను. ఒకదానికే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

మాది సముద్రపు ఒడ్డు. మా నాన్న పడవ మీద తెరచాప దించిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. గుడ్డ కిందికి వచ్చేది, పడవ నెమ్మదించి నీళ్ళ మీద ఊగుతూ ఆగిపోయేది. ఆ ఊరు ఇప్పుడు అలల కింద ఉంది. ఆ పడవ ఆగడం మాత్రం నా కళ్ళ ముందే ఉంది.

నమోదు 21

షెడ్డు జట్టు వరసగా ఓడుతోంది. మొదటి వారం కోడూరును చిత్తుగా ఓడించింది వీళ్ళేనంటే నమ్మబుద్ధి కాదు. ఎవరు ఎదురొచ్చినా అదే పాత ఆట, అదే మూలనుంచి గట్టెక్కడం, అదే చోట తూము ఎత్తమని కేకెయ్యడం. మస్తానమ్మది తూము కాపలా. ఆ తూము ఒక్కోసారి ముందే లేస్తోంది, ఒక్కోసారి అంతా అయ్యాక లేస్తోంది. ఆడలేకపోవడం నేరం కాదు కాబట్టి నేను పట్టించుకోలేదు.

ఆమె చానల్లో మాట్లాడటం కూడా మానేసింది. గొంతు పట్టేసిందట. ఓడ గాలికి అలాగే ఉంటుందని పెంచలమ్మ చెప్పింది. వేన్నీళ్ళు పుక్కిలించమని చెప్పమన్నాను. ఓడలో మనిషికి నేను చెప్పే వైద్యం అది.

నమోదు 24

జరిగింది జరిగినట్టు రాస్తాను.

కోడూరు జట్టులో చెంగల్రాయుడు అనే కుర్రాడు వడదెబ్బకు పోయాడు. ఇరవై ఏళ్ళు నిండలేదు. సాయంత్రం ఆటలకు ముందు అన్ని జట్లనూ ఒకే చానల్లోకి పిలిచి మౌనం పాటిద్దామని నేనే పెట్టాను. అందరూ చేరేదాకా మామూలు కబుర్లు నడుస్తున్నాయి. పెంచలమ్మ ఎవరితోనో చెబుతోంది: "మా కొత్త సూపర్‌వైజరు జారి రొయ్యల తొట్లో పడ్డాడబ్బా. కొంచెం ఉంటే ఆయన్నీ ఒలిచి తూకమేసేవాళ్ళం." నలుగురు నవ్వారు. వెంటనే నేను మౌనం ప్రకటించాను. ఓడకు కూడా అందాలని ఎప్పటిలాగే ఎనిమిది సెకన్లు ఆగి, గంట కొట్టాను.

అందరూ నిశ్శబ్దం. ఓబులేసు ముక్కు ఎగబీల్చడం వినిపించింది. అప్పుడు ఎవరో నవ్వారు. చిన్న నవ్వు కాదు, పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు. తెర మీద ఓడ సీటు పక్కన, గొంతు వస్తే వెలిగే దీపం వెలుగుతోంది.

మౌనం అయ్యాక ముందు మాట్లాడింది ఓబులేసు. "మా పిల్లోని కోసరం నిలబడితే ఆయమ్మ నగింది. మీరూ విన్నారు. నాకు న్యాయం కావాల."

మస్తానమ్మను అడిగాను. ఆటంతా అయ్యాక గానీ జవాబు రాలేదు, అదీ రాతలో. 'నవ్వింది నేనే. తప్పయింది. ఏం శిక్ష వేసినా సరే.'

ఎందుకు నవ్వావని అడిగాను. దానికి జవాబు లేదు. అమర్యాదకు హెచ్చరిక రాసి, పాయింట్లు కోశాను. చానల్లో అందరూ ఆమెను తిట్టారు. తిట్లు తీసెయ్యడం నా పని, చాలాసేపు తీస్తూనే ఉన్నాను.

నమోదు 25

వారం నించి మనిషి గొంతు వినలేదని బాధపడిన మనిషి, చనిపోయిన కుర్రాడి కోసం నిలబడినప్పుడు నవ్వుతుందా? మనసు ఒప్పలేదు. రికార్డింగ్ మళ్ళీ పెట్టుకుని విన్నాను.

ఆమె మౌనానికి నవ్వలేదు. సూపర్‌వైజరు తొట్లో పడినందుకు నవ్వింది.

ఆ జోకు ఓడకు పోయి నవ్వు తిరిగి రావడానికి ఎనిమిది సెకన్లే పట్టి ఉంటే, ఆ నవ్వు నా ప్రకటన మధ్యలోనే వచ్చి ఉండేది. అది గంట కొట్టాక, మౌనంలో వచ్చింది. అంటే పదహారు సెకన్ల పైమాటే. అంత దూరాన ఉంది ఆమె.

మరి మడిచిన తెరచాప? అప్పుడు తట్టింది నాకు, కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా నాన్న పడవను ఆపింది తెరచాప దించడం కాదు, నీళ్ళు. ఆమె ఉన్నచోట నీళ్ళు లేవు. తోసేవాళ్ళు లేకపోయినా ఆ ఓడ అదే వేగంతో పోతూనే ఉంటుంది. ఈ మాట బళ్ళో చదివాను, పరీక్షలో రాశాను కూడా. అయినా ఒడ్డున పుట్టిన బుద్ధి, తెరచాప అనగానే నమ్మేసింది. ఆమెదీ ఒడ్డే, నాది కూడా ఒడ్డేనని లీగ్‌లో అందరికీ తెలుసు. నేను నమ్ముతానని ఆమెకు తెలుసు.

మొదట కోపం వచ్చింది. తర్వాత అర్థమైంది ఆమె ఏం చేసిందో. మిగతావాళ్ళు ఎనిమిది సెకన్ల ఆలస్యంతో ఆడుతుంటే, ఆమె దానికి రెట్టింపు పైన ఆలస్యంతో ఆడుతోంది. ఎవరికన్నా ముందుండటానికి జనం అంకెలు మారుస్తారు. ఈమె అందరికన్నా వెనకబడి ఉండటానికి మార్చింది. తన గొంతు దూరాన్ని పట్టిస్తుందని మాట్లాడటం మానేసి వింటూ కూర్చుంది. ఆ ఒక్క నవ్వూ ఆపుకోలేకపోయింది.

నమోదు 26

షెడ్డుకు వెళ్ళాను. భోజనం గంట కొట్టారు. పెంచలమ్మ చేతి తొడుగులు విప్పి బయటికి వచ్చింది. నా మొహం చూడగానే ఆమెకు తెలిసిపోయింది.

"ఎట్ట కనుక్కున్నారు?"

"నవ్వింది కదా."

ఆమె వాకిట్లోని చెట్టుకు చేరగిలబడింది. "వెయ్యకూడని టయానికి జోకు వేశా. పాపం అది ఎన్నాళ్ళ నించి నోరు కట్టుకోనుందో."

"మీకందరికీ తెలుసా?"

"తెలవకేం. మేం ఎందుకు పాత ఆటే ఆడతా ఉండాం అనుకున్నారు? ఈ చెట్టు కింద అన్నాలు తినేటప్పుడు ఆడుకునేవాళ్ళం. అదే ఆట, అదే మూల. మేం ఎప్పుడు గట్టెక్కుతామో, ఎప్పుడు తూమెత్తమంటామో దానికి చూడకుండానే తెలుసు. కళ్ళు మూసుకోని ఆడగలదు. ఓడిపోతామని తెలిసే ఆడతా ఉండాం. ఓడితే ఓడినాం, అది చానల్లో ఉంటాది గదా."

"ప్రేక్షకుల సీటు అడిగి ఉంటే ఇప్పించేదాన్ని."

"నేనూ అదే చెప్పినా. ఉత్తరం రాసింది. 'వినేదానికైతే నా దగ్గిర పాటలుండాయి పెంచలక్కా. తూమెత్తవే అని ఎవరో ఒకరు నామీద కేకలెయ్యాల' అని రాసింది."

నేను చెప్పాల్సింది చెప్పాను. మీరు ఓడినప్పుడల్లా ఎవరో ఒకరు తేలిగ్గా గెలిచారు. మీరు బాగా ఆడిన రోజుల్లో మీ చేతిలో ఓడిన కోడూరు, అందరికంటే అడుగున ఉంది. అడుగున ఉన్నవాళ్ళు వచ్చే ఏడు లీగ్‌లో ఉండరు.

పెంచలమ్మ చాలాసేపు తన చేతులు చూసుకుంది. రొయ్య ముల్లు గీతలు.

"ఆ పిల్లోళ్ళ సంగతి మాకు తట్టలా" అంది.

తిరిగి వస్తుంటే దారంతా ఒకటే ఆలోచన. షెడ్డువాళ్ళను వదిలితే ఇది తెలిసింది నాకొక్కదానికే. నేను నోరు మూసుకుంటే చాలు, పోటీలు అయ్యేదాకా ఆమె ఆ కాసేపు మనుషుల్లో ఉంటుంది. కోడూరు పిల్లలకు ఎందుకు ఓడిపోయారో ఎన్నటికీ తెలియదు. నాకు ఏడుపు వచ్చింది. బస్సులో ఒకావిడ నీళ్ళ సీసా ఇచ్చింది.

నమోదు 28

తీర్పు ఇవాళ సాయంత్రం అన్ని జట్ల ముందూ చదివాను. ఆలస్యం గురించి అబద్ధం చెప్పిన సీటు, ఎవరికి మేలు చేసినా కీడు చేసినా, మూసెయ్యాలి. ఆ మనిషి ఏ సీటులోనూ, ప్రేక్షకుల సీటులో కూడా, కూర్చోకూడదు. అబద్ధం మొదలైన రోజు నుంచి షెడ్డు జట్టు ఆటలన్నీ రద్దు. ఆ లెక్కతో కోడూరు అడుగు నుంచి ఒక మెట్టు పైకి వచ్చింది.

అంతకంటే ముందు ఇంకోటి చదివాను. మౌనంలో నవ్విందన్న నేరం ఆమె మీద నుంచి తీసేశాను, ఆ నవ్వు దేనికో, ఎందుకు అంత ఆలస్యంగా అందిందో చెప్పాను. ఆమె మౌనానికి నవ్వలేదని చెప్పాలంటే ఆమె అబద్ధం చెప్పిందని చెప్పక తప్పలేదు. తనను తాను కాపాడుకోగలిగి కూడా ఆమె నోరు విప్పనిది అందుకే.

ఓబులేసు మధ్యలో అడ్డం వచ్చాడు. "మోడరేటర్ గారూ, నేను పిర్యాదు వెనక్కి తీసుకుంటాండా."

"ఆ నవ్వు గురించి నువ్విచ్చిన ఫిర్యాదు ఇందాకే కొట్టేశాను. ఇది నాది."

"మాకు ఆ మెట్టు వద్దులే. ఆయమ్మను ఉండనియ్యండి."

"నీకు వద్దంటే సరిపోదు ఓబులేసూ. అది చెంగల్రాయుడు ఆడిన ఆటల మెట్టు కూడా."

అతని సీటు దీపం ఆరింది.

సీటు మూసేముందు ఆటగత్తె జవాబు వినాలి. "మస్తానమ్మా, చెప్పేది ఉంటే చెప్పు" అన్నాను. ఆ తర్వాత ఆగాం. ఇన్నాళ్ళుగా ఆమె దాచిన దూరమంతా ఇప్పుడు అందరికీ వినబడుతోంది. ఇరవై జట్లు, ఒక్కరూ దగ్గలేదు. ఇంత సేపా అని నాకే అనిపించింది. ఇంత సేపు వెనక కూర్చుని ఆ మనిషి తూము ఎత్తిందా?

గొంతు వచ్చింది. పట్టేయలేదు, బాగానే ఉంది.

"కోడూరు పిల్లలూ, మీ వాడి మీద నేను నవ్వలా. వాడి సంగతి వినేసరికే నా నవ్వు బయల్దేరిపోయింది, వెనక్కి పిలిచేదానికి కుదర్లా. మీ మెట్టు పోతా ఉందని నాకు తెలవదు, తెలిస్తే ఆ పని చెయ్యను. పెంచలక్కా, ఆ పాత మూల వదిలెయ్యండిక, అందరికీ తెలిసిపోయింది. గెలవండి. మోడరేటర్ గారూ, తీర్పు సరిగ్గానే ఉంది. తెరచాప మాట మీరు నమ్ముతారని తెలిసే రాసినా, అదొక్కటి నాకు కష్టంగా ఉంది." కాసేపు ఏమీ వినబడలేదు. అయిపోయిందేమో అనుకున్నాను. "ఇప్పుడు నేను ఆటగత్తెను కాదు గదా. వరస కలిపినా తప్పులేదు. ఉంటానక్కా."

జవాబు తర్వాత మోడరేటర్ ఏమీ మాట్లాడకూడదు. మీట మీద చెయ్యి పెట్టాను.

"జాగ్రత్త చెల్లీ" అన్నాను. తర్వాత మీట నొక్కాను.

సీటు మూసే ఆదేశం కూడా అంత దూరమూ పోవాలి. నా మాట దానికంటే ముందు బయల్దేరింది, రెండింటికీ దారి ఒకటే. కాబట్టి మాట ముందు అంది ఉంటుంది. విని ఉంటుంది. విని ఆమె ఏదైనా అని ఉంటే, అది ఇక్కడికి వచ్చేసరికి తలుపు మూసి ఉంది.

ఆటగత్తెతో వరస కలిపినందుకు నెల్లూరు మోడరేటర్‌కు హెచ్చరిక. రాసింది నేనే.

నమోదు 31

కుళాయి వచ్చింది. క్యాను మోసే పని లేదు.

అన్ని సీట్లలోనూ ఆలస్యం తీసేశాను. వేలు కదిలితే బొమ్మ కదులుతోంది. ఫిర్యాదు ఒక్కటి కూడా లేదు. షెడ్డు జట్టు నలుగురితోనే ఆడింది. ఆట మధ్యలో పెంచలమ్మ "తూమెత్తవే మస్తానమ్మా" అని కేకేసి, నాలుక కరుచుకుంది. ఎవరూ నవ్వలేదు.

ఆట మొదలయ్యే ముందు నేను ప్రకటన చదివి, గంట కొట్టబోయి, అలవాటు కొద్దీ ఆగాను. ఎనిమిది సెకన్లు కాదు, అసలు దూరమంత. జట్లన్నీ నాతోపాటు కాచుకుని కూర్చున్నాయి. ఎవరి కోసమని ఎవరూ అడగలేదు.